ఒకే షీటు బిళ్ళలు, మూడు వయసుల నిద్రలేమి: ఒక పొగాకు రైతు ఇంటి కేసు

ఈ కేసులో రోగి ఒక మనిషి కాదు, ఒక ఇల్లు. అత్తగారికి 72 ఏళ్ళు, కోడలికి 47, మనవడికి 17. ముగ్గురూ చెప్పింది ఒకే మాట: "నిద్ర పట్టట్లేదు." ముగ్గురూ వాడింది ఒకే షీటులోని మత్తుబిళ్ళ, ఆల్ప్రజోలామ్ 0.5 మి.గ్రా. ముగ్గురి నిద్ర చెడడానికి కారణాలు మాత్రం మూడు. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాం. ఊరు పేరు చెప్పడం లేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాం.

నేపథ్యం

ప్రకాశం జిల్లాలో పొగాకు పండే ఊరు. జనవరి నుంచి మార్చి దాకా బ్యారన్‌లో (పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే గదిలో) ఆకు క్యూరింగ్ నడుస్తుంది. ఒక్కో కాల్పు అయిదారు రోజులు సాగుతుంది. ఆ రోజుల్లో రాత్రంతా ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కాపలా ఉండాలి. వేడి తగ్గినా పెరిగినా ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది. ఈ ఇంట్లో ఇంటాయన బ్యారన్ దగ్గర ఉంటే, కోడలు రాత్రి రెండింటికి లేచి టీ కాచి పట్టుకెళ్ళేది.

ఏడాదిన్నర కిందటి సీజన్ అయిపోయినా ఆమెకు రెండింటి మెలకువ పోలేదు. ఏప్రిల్‌లో ఒక డాక్టరు పది రోజులకని ఆల్ప్రజోలామ్ రాశారు. అదే చీటీ చూపించి మందుల షాపులో కొంటూ కొంటూ ఏడాదిన్నర వాడింది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు రాయకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో నమోదు కావాలి.

అత్తగారు రాత్రిళ్ళు లేచి తిరుగుతోందని కోడలే జాలిపడి ఆమెకు సగం బిళ్ళ ఇవ్వడం మొదలుపెట్టింది. అలా అయిదు నెలలు నడిచింది. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది చదివే కొడుకు సెలవులకొచ్చినప్పుడు అప్పుడప్పుడూ ఒకటి వేసుకునేవాడు. ఆగస్టులో అత్తగారు రాత్రి పెరట్లోని బాత్రూమ్‌కు వెళ్తూ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన ఎముకల డాక్టరు "రాత్రి ఏ మందు వేసుకున్నారమ్మా?" అని అడగబట్టి సంగతి బయటపడింది. దసరా సెలవుల్లో ముగ్గురూ కలిసి వచ్చారు.

సమస్యను ఎలా విడదీశాం

నిద్ర పట్టడం లేదన్నవారిని మొదట ఎన్ని గంటలు పడుకున్నారని అడగడం కన్నా, రాత్రిలో ఏ భాగం పోతోందని అడగడం ఎక్కువ పనికొస్తుంది. అబ్బాయికి మొదటి భాగం పోతోంది, ఒంటిగంట దాకా కన్ను మూతపడదు. తల్లికి నడిమి భాగం పోతోంది. అవ్వకు చివరి భాగం, మూడింటికే తెల్లవారినట్టు లేచి కూర్చుంటుంది.

రెండు వారాల నిద్ర లెక్క రాయించాం. అవ్వకు చదువు రాదు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే మనవడు గీతలు గీశాడు: సీరియల్ అయ్యాక పడుకుంది, కోడి కూతకు ముందే లేచింది, అన్నం తిన్నాక మధ్యాహ్నం కునుకు. లెక్క రాయడం తెల్లవారాకే. రాత్రి గడియారం గానీ ఫోన్‌ గానీ చూడొద్దని గట్టిగా చెప్పాం. టైము చూసిన ప్రతిసారీ "ఇంకా మూడు గంటలే ఉంది" అనే లెక్క మొదలవుతుంది. ఆ లెక్కే మనిషిని పూర్తిగా లేపేస్తుంది.

క్యాలెండర్ చాలా చెప్పింది. అవ్వ రాత్రి ఎనిమిదికి పడుకుని మూడింటికి లేస్తోంది, మధ్యాహ్నం రెండున్నర గంటలు నిద్రపోతోంది. రోజు మొత్తమ్మీద తొమ్మిది గంటల చిల్లర పక్క మీదే ఉంటోంది. 65 దాటినవారికి ఏడెనిమిది గంటల నిద్ర చాలు. ఆమెకు నిద్ర తక్కువ కాలేదు, చోటు తప్పింది. అబ్బాయి సెలవుల్లో తన ఇష్టానికి వదిలేస్తే రాత్రి రెండున్నరకు పడుకుని పగలు పదకొండు దాకా ఏకధాటిగా నిద్రపోతున్నాడు. అలా నిద్రపోగలిగినవాడికి నిద్రలేమి జబ్బు ఉందనలేం. అతని ఒంటి గడియారం వెనక్కి జరిగింది, హాస్టల్ గంట మాత్రం ముందుకు జరిగింది.

వైద్య నిర్వచనం ప్రకారం దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్నది ఒక్క కోడలికే: వారంలో కనీసం మూడు రాత్రులు, కనీసం మూడు నెలలుగా, పగటి పనికి అడ్డుపడుతూ. తొమ్మిదింటికి పక్క ఎక్కి అయిదున్నరకు లేస్తోంది. 510 నిమిషాల్లో నిద్రపోయేది సగటున 310 నిమిషాలు, అంటే 61 శాతం. నిద్రలేమి తీవ్రతను కొలిచే ఇన్సోమ్నియా సివియారిటీ ఇండెక్స్‌లో 28కి 21 వచ్చింది.

అప్పటికే చేసి చూసినవి, ఫలించనివి

అంతకుముందు చూపించుకున్నచోట ముగ్గురికీ ఒకే కాగితం ఇచ్చారు: కాఫీ మానండి, పాలు తాగండి, పెందలాడే పడుకోండి. మూడో సలహా ముగ్గురికీ చెడే చేసింది. అవ్వ ఇంకా ముందే పడుకుని ఇంకా ముందే లేచింది. కోడలు పక్క మీద మెలకువగా ఉండే సమయం పెరిగి, పక్క చూస్తేనే గుండె దడ పుట్టే స్థితికి వచ్చింది. అబ్బాయి పదింటికి లైటు ఆర్పి మూడు గంటలు ఫోన్ చూశాడు. నిద్రలేమికి ఎవరైనా ముందు చెప్పే సలహా ఇదే. ఏ వయసుకు చెబుతున్నామో చూసుకోకపోతే హాని చేసేదీ ఇదే.

కోడలు ఒకసారి బంధువుల మాట విని బిళ్ళను ఒక్కసారిగా ఆపేసింది. మూడో రాత్రికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కన్ను మూయలేదు. రోగం ముదిరిందనుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అది రోగం కాదు, మందు లాగేసినప్పుడు ఒళ్ళు చేసే గొడవ (విత్‌డ్రాయల్). ఎక్కువ కాలం వాడిన ఆల్ప్రజోలామ్‌ను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. "నాకు ఈ బిళ్ళ లేందే బతుకు లేదు" అని ఆమె గట్టిగా నమ్మడానికి ఆ మూడు రాత్రులే కారణం. ఈ సంగతి విడమరచి చెప్పాకే ఆమె చికిత్సకు మనసు పెట్టింది.

అబ్బాయికి ఇంట్లోవాళ్ళే మెలటోనిన్ 3 మి.గ్రా. కొని పడుకోబోయే ముందు ఇచ్చారు, పని చేయలేదు. గడియారం వెనక్కి జరిగినవారిలో మెలటోనిన్ మత్తుమందులా కాదు, సంకేతంలా పనిచేస్తుంది. తక్కువ మోతాదులో, మామూలుగా నిద్ర పట్టే వేళకు నాలుగైదు గంటల ముందు ఇస్తేనే గడియారం ముందుకు వస్తుంది. ఫోన్ వెలుగులో కూర్చుని వేసుకుంటే అదీ వృథా.

కోడలు: పేరు పెట్టని మెనోపాజ్, కాళ్ళ పీకులు

36వ ఏట ఆమెకు గర్భసంచి తీసేశారు, అండాశయాలు ఉంచారు. మన రాష్ట్రంలో చిన్న వయసులోనే ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు చాలామంది. అండాశయాలు మిగిలినా అవి సగటున కొంత ముందే అలసిపోతాయి. నెలసరి లేదు కాబట్టి ఎప్పుడు ఆగిందో గుర్తు ఉండదు. "రాత్రి ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగలొస్తాయి, దుప్పటి తన్నేస్తాను, కాసేపటికి చలి" అని ఆమె చెప్పింది. ఏడాదిన్నరలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. 45 దాటి, గర్భసంచి లేక, ఈ లక్షణాలు ఉన్నప్పుడు మెనోపాజ్ అని చెప్పడానికి హార్మోన్ పరీక్ష అక్కర్లేదు. ఆ డబ్బును ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, షుగర్ పరీక్షలకు పెట్టించాం.

ఫెరిటిన్ ఎందుకంటే, సాయంత్రమయ్యేసరికి పిక్కల్లో పురుగులు పాకినట్టుంటుందనీ, కదిలిస్తే తగ్గుతుందనీ చెప్పింది. రెస్ట్‌లెస్ లెగ్స్ అనే ఈ జబ్బులో మెదడుకు ఐరన్ చాలకపోవడం పెద్ద కారణం. ఫెరిటిన్ 75 కన్నా తక్కువుంటే ఐరన్ ఇచ్చి చూడాలి. ఆమెకు 14 ఉంది, హిమోగ్లోబిన్ 10.2. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. నెలసరి లేని మనిషికి ఐరన్ ఎటు పోయింది? ఐరన్ బిళ్ళలు రాసి పంపేస్తే ఆ ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. మలంలో రక్తం కనిపించలేదు గానీ కొంకిపురుగు గుడ్లు ఉన్నాయి. చేలో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటు ఉంది. నడుం నొప్పికి షాపులో కొన్న డైక్లోఫెనాక్ వారానికి మూడు నాలుగు పడుతోంది. అన్నం తిన్న వెంటనే టీ. ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఇచ్చి, డైక్లోఫెనాక్ ఆపించి, 60 మి.గ్రా. ఐరన్‌ను రోజు విడిచి రోజు, నిమ్మరసం నీళ్ళతో, టీకి కనీసం గంట ఎడంగా ఇచ్చాం. రోజు విడిచి రోజు ఇస్తే ఒంటికి బాగా పడుతుంది, కడుపులో మంట తగ్గుతుంది. రెండు నెలల్లో హిమోగ్లోబిన్ పెరగకపోతే ఎండోస్కోపీ చేయించాలని ముందే చెప్పాం. పెరిగింది, ఆ అవసరం రాలేదు.

సెగలకు హార్మోన్ చికిత్స గురించి వివరించాం, ఆమె వద్దంది. బీపీ 146/92 ఉంది కాబట్టి దాన్ని పెంచే వెన్లఫాక్సిన్ మేమే వద్దనుకున్నాం. గాబాపెంటిన్ సెగలకూ కాళ్ళకూ రెండింటికీ పనికొచ్చేదే. కానీ ఆల్ప్రజోలామ్ మీద ఇంకో మత్తుమందు చేర్చడం ఇష్టంలేక పక్కన పెట్టాం.

అసలు చికిత్స సీబీటీ-ఐ, అంటే నిద్ర అలవాట్లనూ నిద్ర గురించిన ఆలోచనలనూ మార్చే మందుల్లేని చికిత్స. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. ఇందులో బలమైన భాగం పక్క మీది సమయాన్ని కుదించడం. ఆమె నిజంగా నిద్రపోతున్నది అయిదు గంటల పైచిలుకు. అందుకని రాత్రి 11:30 నుంచి ఉదయం 5:00 దాకా, అయిదున్నర గంటలే పక్క మీద ఉండాలన్నాం. లేచే వేళ ఏ రోజూ మారకూడదు. "నిద్ర లేదని వస్తే ఉన్న నిద్ర కూడా తగ్గిస్తారా?" అని ఇంటాయన అడిగాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు. చెదురుమదురుగా ఉన్న నిద్రను ఒకచోటికి చేర్చడానికే ఈ పద్ధతనీ, మొదటి వారం పగలు మగతగా ఉంటుందనీ, ఆ మగతే రాత్రికి పెట్టుబడి అనీ చెప్పాం. మొదటి రెండు వారాలు గడ్డి కోసే మిషన్ దగ్గరికి వెళ్ళొద్దన్నాం. నిచ్చెన ఎక్కే పని, బండి నడపడం కూడా వద్దన్నాం.

మధ్యలో మెలకువ వచ్చి కాసేపటికీ నిద్ర రాకపోతే లేచి వసారాలో చిన్న లైటు కింద కూర్చోవాలి, కళ్ళు బరువెక్కాకే పక్క మీదికి రావాలి. అప్పుల లెక్కలు పక్క మీద చేసేది. వాటిని సాయంత్రం ఆరున్నరకు జరిపాం. పావుగంట ఇంటాయనతో కూర్చుని ఎవరికి ఎంత, వడ్డీ ఎప్పుడు, వేలం డబ్బు ఎప్పుడొస్తుంది అన్నవి పుస్తకంలో రాయడం. రాత్రి గుర్తొస్తే "పుస్తకంలో ఉంది" అనుకోవడం. పొగాకు రైతు ఇంట్లో అప్పు గురించి ఆలోచించొద్దని చెప్పడం అర్థం లేని సలహా. ఆలోచించే వేళను మార్చవచ్చు.

మొదటి వారం కష్టంగా గడిచింది. రెండో వారం పక్క మీది సమయంలో నిద్రపోయిన వాటా 82 శాతానికి వచ్చింది, అలాగే ఉంచాం. మూడో వారం 88. వారానికి 85 దాటితే పావుగంట పెంచాలి, 80 కన్నా దిగితే పావుగంట తగ్గించాలి, మధ్యలో ఉంటే కదపకూడదు. ఏడో వారానికి 10:45 నుంచి 5:00 దాకా పక్క మీద ఉంటూ, అందులో 335 నిమిషాలు నిద్రపోతోంది. నిద్ర పాతిక నిమిషాలే పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ పక్క మీద మేలుకుని ఉన్నది 200 నిమిషాల నుంచి 40కి తగ్గింది. ఆమెకు తేడా తెలిసింది అందులోనే.

ఆ ఏడు వారాలూ బిళ్ళను కదపలేదు. రెండూ ఒకేసారి మారిస్తే చెడ్డ రాత్రి దేనివల్ల వచ్చిందో తెలియదు. నవంబరు చివర 0.5 నుంచి 0.375కి (0.25 బిళ్ళ ఒకటి, ఇంకోదాంట్లో సగం), మూడు వారాలకు 0.25కి దించాం. అప్పుడు జనవరి వచ్చింది, బ్యారన్ వెలిగింది. క్యూరింగ్ నడుస్తుండగా ఇంకా తగ్గించాలా అన్నది ఈ కేసులో కష్టమైన నిర్ణయం. ఆపాం. ఆ మూడు నెలలూ 0.25 దగ్గరే నిలబెట్టాం. పాత భయం పుట్టిన చోటే, పుట్టిన ఋతువులోనే మోతాదు తగ్గించి ఓడిపోతే, ఆమె ఇంకోసారి ప్రయత్నించదు. టీ మాత్రం రాత్రి తొమ్మిదికే ఫ్లాస్కులో పోసి పంపే ఏర్పాటు చేశాం. ఏప్రిల్‌లో 0.125కి దించి నాలుగు వారాలు ఉంచి, మేలో ఆపాం. రోజు మార్చి రోజు వేసుకుంటానని ఆమె అడిగితే వద్దన్నాం. ఆల్ప్రజోలామ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది, వేసుకోని ప్రతి రాత్రీ చిన్నపాటి విత్‌డ్రాయల్ అవుతుంది.

అవ్వ: నిద్ర కన్నా మూత్రం ముఖ్యం

ఆమెకు ముందు చూసింది మందుల సంచి. టెల్మిసార్టాన్‌తో కలిసిన హైడ్రోక్లోరోథయజైడ్ బీపీ బిళ్ళను రాత్రి అన్నం తర్వాత వేసుకుంటోంది. అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు ఉంది. గీతలున్న ప్లాస్టిక్ జగ్గుతో ఒక రోజు మూత్రం కొలిపించాం: మొత్తం 1,500 మి.లీ., అందులో రాత్రిది 650. పెద్ద వయసులో రాత్రి వాటా మూడో వంతు దాటితే కారణం వెతకాలి. బిళ్ళను ఉదయానికి మార్చాం. సోడియం పరీక్ష చేయించాం, 134 ఉంది, మామూలు కన్నా కాస్త తక్కువే గానీ కంగారు పడేంత కాదు. పాదాల్లో వాపు ఉంది. అది పగలంతా కాళ్ళలో నిలిచి, పడుకున్నాక మూత్రంగా దిగుతుంది. సాయంత్రం నాలుగు నుంచి గంటసేపు కాళ్ళు ఎత్తున పెట్టుకోమన్నాం. రెండు వారాల్లో రాత్రి వాటా 1,450లో 380కి వచ్చింది. లేవడం నాలుగుసార్ల నుంచి ఒకటి రెండుకు తగ్గింది.

మోకాళ్ళ నొప్పికి రాత్రి పారాసిటమాల్ 650. పొదిలి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో కీళ్ళు, వెన్ను బిగుసుకుపోవడం మామూలే. పక్క మీద ఒళ్ళు తిప్పుకోవడానికే మెలకువ వస్తుంది, ఆ మాట అడిగితేనే చెబుతారు.

కోడలికి చేసినట్టు పక్క సమయాన్ని ఒక్కసారిగా కుదించడం ఈమెకు వద్దనుకున్నాం. 72 ఏళ్ళ ఒంటికి నిద్ర కొరత అంటే మళ్ళీ పడటమే. నాలుగైదు రోజులకోసారి అరగంట చొప్పున పడుకునే వేళను ఎనిమిది నుంచి పదికి జరిపాం. కునుకు మధ్యాహ్నం రెండింటి లోపే, అదీ అరగంటే. అయిదు నుంచి ఆరు దాకా వాకిట్లో వెలుతుర్లో కూర్చోవాలి. సాయంత్రపు వెలుతురు ఒంటి గడియారాన్ని ఆలస్యం చేస్తుంది, ఆమెకు కావలసింది అదే. "పెద్ద ప్రాణాన్ని పది దాకా కూర్చోబెట్టాలా?" అని కోడలు బాధపడింది. మనవరాలి వరసయ్యే పక్కింటి పిల్ల సాయంత్రాలు వచ్చి కబుర్లు చెప్పడంతో అది కుదిరింది. ఇప్పుడు పది నుంచి నాలుగున్నర దాకా నిద్రపోతోంది.

బిళ్ళ మొదట 0.125కి తగ్గించి మూడు వారాలకు ఆపాం. ఈ రకం మందులు 65 దాటినవారికి తూలు, మతిమరుపు తెస్తాయి, పడి ఎముకలు విరిగే ముప్పు పెంచుతాయి. దారిలో రాత్రి బల్బు, గడప దగ్గర పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాం.

అబ్బాయి: వెలుతురు ఏ వేళకు పడుతోంది

హాస్టల్లో నాలుగున్నరకు లేపుతారు, ట్యూబులైట్ల కింద స్టడీ అవర్. సెలవుల్లో పదకొండుకు లేచే ఒంటికి, శరీర ఉష్ణోగ్రత అత్యల్పానికి చేరేది సుమారు ఎనిమిదింటికి. ఆ వేళకు ముందు పడే వెలుతురు గడియారాన్ని ముందుకు తేదు, ఇంకా వెనక్కి నెడుతుంది. అంటే తెల్లవారుజాము చదువు అతని నిద్రను తినడమే కాదు, మర్నాటి రాత్రి నిద్రను ఇంకా ఆలస్యం చేస్తోంది. ఇలాంటి పిల్లలను బద్ధకస్తులని తిట్టడం అన్యాయం. యౌవనంలో ఒంటి గడియారం వెనక్కి జరగడం సహజం, 14 నుంచి 17 ఏళ్ళ వారికి కావలసింది ఎనిమిది నుంచి పది గంటలు. ఇతనికి దక్కేది మూడున్నర.

మొదట ఒంటరిగా మాట్లాడి, బతుకు మీద విరక్తి ఉందా, చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడిగాం. ఆ ప్రశ్న ఆలోచన పుట్టించదు, ఉన్నదాన్ని బయటికి తెస్తుంది. అతనికి ఆ ఆలోచన లేదు. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 8 వచ్చింది. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీమానస్ ఫోన్ నంబరు 14416 ఇచ్చాం.

సెలవుల్లో రోజు విడిచి రోజు అరగంట ముందు లేపి, లేచిన వెంటనే మేడ మీద అరగంట ఎండలో నిలబెట్టాం. దసరా సెలవులు చాలవు కాబట్టి పది రోజుల్లో ఎనిమిదిన్నర దాకానే వచ్చాడు. తెల్లవారుజాము స్టడీ అవర్ మినహాయించమని రాసిన ఉత్తరానికి కాలేజీ ఒప్పుకోలేదు. ఇంట్లోవాళ్ళు డే స్కాలర్‌గా మార్చి టౌనులోని మేనత్త ఇంట్లో ఉంచారు. అక్కడ ఇంకో మూడు వారాలకు ఆరున్నరకు లేవడం కుదిరింది. రాత్రి పదింటి టీ మానేశాడు. కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటలు పడుతుంది. ఫోన్ రాత్రి పదిన్నరకు మేనత్త గదిలో ఛార్జింగ్‌కు వెళ్తుంది. ఆల్ప్రజోలామ్ అప్పుడప్పుడే వాడాడు కాబట్టి తగ్గించాల్సిన పని లేకుండా ఆపేశాం.

ఇప్పుడు 11:15 నుంచి 6:30 దాకా నిద్రపోతున్నాడు. క్లాసులో తూగడం, పొద్దుటి తలనొప్పి పోయాయి. వయసుకు ఇది ఇంకా తక్కువే.

ఇలాంటి ఇల్లు ఎదురైతే

షీటు ఎవరి పేరున ఉందో కాదు, ఇంట్లో ఎవరెవరు వేసుకుంటున్నారో అడగాలి. ఒకరి బిళ్ళ ఆపి మిగతావాళ్ళను వదిలేస్తే షీటు ఇంట్లోనే ఉంటుంది, చెడ్డ రాత్రి చెయ్యి అటే పోతుంది.

నిద్రలేమి ఏ వయసులో ఏం దెబ్బతీస్తుందో దాన్నిబట్టే ఏది ముందు సరిచేయాలో తేలుతుంది. అవ్వకు పడటం ఆపడం ముందు, నిద్ర తర్వాత. అందుకే ముందుగా బీపీ బిళ్ళ వేళ మార్చాం, పక్క వేళ తర్వాత. కోడలికి బీపీ, దిగులు, రక్తహీనత, నిద్ర ఒకదాన్నొకటి లాగుతున్నాయి కాబట్టి అన్నిటినీ పక్కపక్కనే నడిపించాం. ఆమె బీపీ ఇప్పుడు 134/86. ఫెరిటిన్ 58, 75 దాటేదాకా ఐరన్ కొనసాగుతుంది. కుర్రాడికి మందు కన్నా ముందు మార్చాల్సింది లేచే గంట.

గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో ముగ్గురి విషయంలోనూ పక్కన పడుకునేవాళ్ళను అడిగాం. ఉండి ఉంటే దారి వేరే. అప్పుడు మత్తుబిళ్ళ ఇంకా ప్రమాదం, పక్క సమయం కుదించడానికి ముందు నిద్ర పరీక్ష చేయించాలి.

వచ్చే జనవరికి కోడలి దగ్గర రాసిపెట్టిన కాగితం ఒకటుంది: మూడు రాత్రులు వరసగా చెడితే పడుకునే వేళను 11:30కి జరపాలి, లేవడం అయిదుకే, పగటి కునుకు వద్దు, రెండు వారాలకూ సర్దుకోకపోతే ఫోన్ చేయాలి. మందుల షాపుకు వెళ్ళకూడదన్నది ఆమే తన చేత్తో కింద రాసుకుంది.